దున్నపోతు తాత్పర్యం

ఒకానొక రాజ్యంలో, పేరు చెప్పనులెండి, ఎవరు వింటున్నారో ఏమో, అహోబలరాయుడనే రాజుండేవాడు. ఒకనాడు కోటగుమ్మానికి ఎవరో ఓ తాటాకు గుచ్చిపోయారు. అందులో ఒక పద్యం. పట్టుశాలువా కప్పుకున్న దున్నపోతొకటి ఊరి పంటంతా మేసి, ఎవరు తరుముతారోనని దిక్కులు చూస్తోందట. అంతే, పేరూ ఊరూ లేదు.

అది మొదలు రాజుకు కంటి మీద కునుకు లేదు. ఇద్దరు మాట్లాడుకుంటే కుట్ర అన్నాడు. మాట్లాడుకోకపోతే ఇంకా పెద్ద కుట్ర అన్నాడు. మంగలి చేతి కత్తిని నమ్మలేక గడ్డం కూడా పెంచాడు, ఖర్మ!

చివరికి ఆస్థాన పండితుడు వామనభట్టు అక్షరాల వాటం చూసి, ఇది వ్రాయసగాడు ఓబళయ్య చేతిరాతేనని తేల్చాడు. రాజద్రోహానికి శిక్ష తల తీయడమే. ఓబళయ్యను సంకెళ్లతో సభలో నిలబెట్టారు. నేను రాయలేదు మహాప్రభో అని పాపం గొంతు పోయేలా మొత్తుకున్నాడు. జాలిపడితే తామూ ద్రోహులమవుతామని అందరూ నేలచూపులు చూశారు.

అప్పుడు విదూషకుడు జగ్గన లేచాడు. ఈ సభలో ఏ పద్యం మీదైనా ప్రతిపదార్థం, తాత్పర్యం విన్నాకే కదా తీర్పు, తాతలనాటి ఆచారం తప్పుతామా అన్నాడు. రాజు కానిమ్మన్నాడు.

భట్టు వ్యాఖ్యానమంటే చెవి కోసుకుంటాడు. గొంతు సవరించుకుని మొదలెట్టాడు. పంట అంటే ప్రజల సొత్తన్నాడు. మేయడమంటే పన్నులు గుంజడమన్నాడు. దిక్కులు చూడటమంటే పిరికితనమని నొక్కి మరీ చెప్పాడు. రాజు కనుబొమలు ముడిపడ్డాయి.

"మరి దున్నపోతెవరు భట్టుగారూ?" అన్నాడు జగ్గన.

భట్టు నోరు తెరిచాడు. రాజు ముఖం చూశాడు.

"మహారాజువారే అంటారా?"

"శివశివా, నేనలా అనలేదు. అది... అది ఉత్త దున్నపోతే మహారాజా."

"ఉత్త దున్నపోతును తిడితే రాజద్రోహమెలా అవుతుంది ప్రభూ?" అని జగ్గన చేతులు కట్టుకున్నాడు.

రాజు అతణ్ణి అనుమానంగా ఎగాదిగా చూశాడు. "నిజం చెప్పరా. ఆ పద్యం రాసింది నువ్వే కదూ?"

"ముందు ఆ దున్నపోతెవరో తమరు సెలవియ్యండి ప్రభూ. రాసిందెవరో అప్పుడు చెబుతాను."

రాజు ముఖం ఎర్రబడింది. ఆపైన నవ్వు తన్నుకొచ్చి పగలబడి నవ్వాడు. అది నవ్వేనని రూఢి చేసుకున్నాకే సభ కూడా నవ్వింది.

రాజు ఓబళయ్య సంకెళ్లు ఊడదీయించాడు. "నిన్ను మాత్రం జన్మలో నమ్మనురా జగ్గనా" అంటూనే తన ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు.