పదిసార్లు చాలవన్న తాబేలు

అనగనగా ఒక అడవిలో, ఏటి పక్కన, జంతువులు కొత్తగా ఒక వెడల్పాటి బాట వేసుకున్నాయి. దాని మీద అడవిదున్నలు దుమ్ము రేపుకుంటూ పరుగెత్తేవి. మిగతావి దాటాలంటే వడ్రంగిపిట్ట చెట్టును టక్ టక్ మని పదిసార్లు పొడిచేది. అంతసేపూ దున్నలు ఆగాలి. ఆ పది ఎవరి లెక్క అనుకున్నారు? బాటకు పెద్ద అయిన చెంగయ్య అనే జింకది. తనే దూకి చూసుకున్నాడు. మూడు దూకుల్లో అవతల పడ్డాడు. "పది చాలు, ఎక్కువే!" అన్నాడు. మహా తెలివి!

సూరమ్మ అనే తాబేలు బాటకు ఇవతల ఇసుకలో గుడ్లు పెట్టింది. పిల్లలు పుట్టగానే బాట దాటి ఏట్లోకి పోవాలి. ముందు తను దాటబోయి చూసింది. పది అయ్యేసరికి సగమే వచ్చింది. దున్న గిట్ట తగిలి డొప్ప అంచు పగిలింది. రేగుపండంత పిల్లల గతేమిటి అనుకుంది.

సూరమ్మ చెంగయ్య దగ్గరికి వెళ్లింది. "నీ దూకుతో కొలిస్తే ఎట్లా నాయనా? మా నడకతో కొలువు."

"నీకోసం దున్నలన్నీ ఆగాలా పిన్నీ? ఏనుగు వీపెక్కి దాటు."

"రోజూ ఏనుగు దొరుకుతుందా? ఎక్కను."

"అయితే బాట చివరిదాకా పోయి చుట్టి రా."

"నాకది రెండు రోజుల దారి. పోను."

"పోనీ, ఇంట్లో కూర్చో!"

సూరమ్మకు ఒళ్లు మండింది. "బాట వేసేటప్పుడు నా డొప్ప మీద గులకరాళ్లు మోయించారు. ఇప్పుడు దాటడానికి పనికిరానా? కూర్చుంటాను. ఇంట్లో మాత్రం కాదు."

మరునాడు పిట్ట పొడవగానే బయలుదేరింది. పదోసారికి నడిబాటలో ఉంది. అక్కడే కూర్చుంది. దున్నలు రంకెలు వేశాయి. తాబేలు కదా, తల లోపలికి లాక్కుంటుందనుకున్నారా? లాక్కోలేదు. "తొక్కండి చూద్దాం!" అంది. ముళ్లపంది వచ్చి పక్కన కూర్చుంది. కుంటి కుందేలు, మెల్లగా నడిచే మిగతావన్నీ వచ్చి బాటకు అడ్డంగా కూర్చున్నాయి. మూడు రోజులు ఒక్క దున్నా కదల్లేదు.

నాలుగో రోజు చెంగయ్య దిగివచ్చాడు. "ఎన్నిసార్లు పొడవాలో చెప్పు."

"అందరికన్నా మెల్లగా నడిచేది దాటేదాకా. బాట సన్నం చెయ్యి. మధ్యలో ఆగడానికి ఒక దిబ్బ వెయ్యి."

"దున్నలు మెల్లగా పోవాల్సి వస్తుంది."

"పోనీ!"

ఆ పనులన్నీ అయ్యాక గుడ్లు పగిలాయి. పిట్ట పొడుస్తూనే ఉంది. దున్నలు ఆగాయి. పిల్లలన్నీ ఏట్లోకి జారాయి. వాటి వెనకే చెంగయ్య భార్య వచ్చింది. నిండు చూలాలు, దూకలేదు. దిబ్బ మీద ఆగి ఆయాసపడింది. చెంగయ్య తల దించుకున్నాడు.

"మెల్లగా రా అమ్మా," అంది సూరమ్మ, "ఇంకా పొడుస్తూనే ఉంది."

నీతి: బాటను అందరికన్నా మెల్లగా నడిచేవారి అడుగుతో కొలవాలి, కొలవనంటే, కొలిచేదాకా కదలకూడదు.