లీసోహామి గుమ్మం ముందు

తుపాను వెళ్ళిపోయాక విమలసారుడికి నిద్ర లేదు, తీరిక లేదు. నిజం చెప్పొద్దూ, లోలోపల కాస్త గర్వం కూడా ఉంది.

అదొక దీవి దేశం. ఏడాది తిరిగేసరికి సముద్రం ఒక్కసారైనా ఊళ్ళ మీదికి వచ్చి చూసిపోతుంది. ఈసారి జాలరిపేటను ఊడ్చుకుపోయింది. ఎక్కణ్ణించో ఓడలో సాయం బియ్యం వచ్చింది. పంచే పని కొండ మీది బౌద్ధ విహారానికి అప్పగిస్తే, విహారాధిపతి పెద్ద భంతే దాన్ని తన శిష్యుడు విమలసారుడి చేతుల్లో పెట్టాడు.

కుర్ర భిక్షువు ఆ పని భలేగా చేశాడు. జాలరిపేటలోనే శిబిరం వేసి, తాడు కట్టి వరస నిలిపాడు. పొయ్యి మిగిలినవాళ్ళకి బియ్యం, పొయ్యి కూడా పోయినవాళ్ళకి గంజి. తోపులాట లేదు, కేకల్లేవు.

"చిన్న స్వామీ, మీ గంజిలో మెతుకు పట్టాలంటే వలెయ్యాలి!" అనేవాళ్ళు జాలర్లు.

"తెచ్చుకోండి మరి."

"వలే ఉంటే మీ గంజెందుకు తాగుతాం!"

అందరూ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు.

ఇంకో మంచిపని కూడా చేశాననుకున్నాడు. పొద్దున్నే భిక్షువులు పాత్రలు పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళే ఆచారాన్ని ఆపించాడు. "తిండి లేనివాళ్ళ గుమ్మాల ముందు నిలబడతామా భంతే? పాపం కాదూ!" అన్నాడు. భిక్షువులు కూడా ఆ గంజే తాగారు.

అంతా బాగానే ఉంది. లీసోహామి ఒక్కతే కొరుకుడుపడలేదు.

ఆమె జాలరి ముసలమ్మ, ఒంటరిది. ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. పొయ్యీ, ఓ మట్టికుండా మిగిలాయి. రాలిన కొబ్బరికాయలు కొట్టుకు తిని నీళ్ళు తాగుతోంది. అవీ అయిపోవచ్చాయి. శిబిరానికి మాత్రం రాదు. విమలసారుడు స్వయంగా బియ్యం మోసుకెళ్తే దణ్ణం పెట్టి తిప్పి పంపింది.

"పెట్టిన చెయ్యి స్వామీ ఇది. చాపడం దీనికి రాదు. ఈ వయసులో నేర్పకండి."

ఆమె చెంపలు లోపలికి పోయాయి. లేచి నిలబడాలంటే గోడ పట్టుకుంటోంది. విమలసారుడు బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి గురువు దగ్గరికొచ్చి కూలబడ్డాడు.

"బియ్యం ఎదురుగా పెట్టుకుని చచ్చిపోతుంది భంతే ఆవిడ!"

పెద్ద భంతే లేచి ఒంటి మీది కాషాయ చీవరం సర్దుకున్నాడు. గూట్లోంచి భిక్షాపాత్ర తీశాడు. "నీదీ తీసుకో," అన్నాడు.

ఎవరింటికో అక్కడికి వెళ్ళాక గానీ తెలియలేదు. శిష్యుడికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

లీసోహామి వాళ్ళని చూసి గబుక్కున లేవబోయి తూలింది. "ఇంట్లో గింజ లేదు స్వామీ."

పెద్ద భంతే కళ్ళు దించుకుని నిలబడ్డాడు. భిక్షువు నోరు తెరిచి అడగకూడదు. లేనప్పుడు ఇంటివాళ్ళే "ముందుకు దయచేయండి స్వామీ" అనాలి. అనగానే భిక్షువు కదిలిపోవాలి. అక్కడి పద్ధతి అది. ఆ ఒక్క మాటా అనేస్తే బాగుండునని విమలసారుడు ఊపిరి బిగబట్టాడు.

లీసోహామి పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆ గుమ్మంలో ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. వాళ్ళమ్మా అనలేదు.

ఎండ ఎక్కుతోంది. మధ్యాహ్నం దాటితే ఇక ఆ రోజుకి భిక్షువులు తినరు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

"ఉండండి," అంది విసుగ్గా. "కదలకండి. పొద్దు నడినెత్తికి రాకముందే వచ్చేస్తా."

గోడ పట్టుకుని, తరవాత కంచె పట్టుకుని, తరవాత ఏదీ పట్టుకోకుండా నడిచింది. ఎదురుగానే శిబిరం. వరసలో నిలబడడం, భుజమ్మీది తువ్వాలు చాపడం విమలసారుడికి కనిపిస్తూనే ఉంది.

"రమ్మంటే రాలేదు, ఇప్పుడొచ్చావా అక్కా?" అన్నారెవరో.

"నాక్కాదే మొద్దూ! ఇంటికి స్వాములొచ్చారు!" అని కసిరింది.

పొయ్యి రాజుకుంది. పాత్రల్లో వేడన్నం పడింది. పొద్దు మీదికి వచ్చేస్తోందని ఇద్దరూ ఆ అరుగు మీదే కూర్చున్నారు. స్వాములు మొదలుపెడితే గానీ ఇంటివాళ్ళు ముట్టరు. లీసోహామి వాళ్ళ మొహాలే చూస్తూ నిలబడింది.

పెద్ద భంతే ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నిదానంగా నమిలాడు.

"ఉప్పు లేదు," అన్నాడు.

విమలసారుడు ఉలిక్కిపడ్డాడు. భిక్షాన్నానికి వంక పెట్టడం గురువు నోట ఇంతవరకూ వినలేదు.

లీసోహామి నడుం మీద చేతులు పెట్టుకుంది. "సముద్రం అంత సముద్రం ఇంట్లోకొచ్చి వెళ్ళింది, చిటికెడు ఉప్పు వదిలి పోలేదు చూడండి స్వామీ!" అని నవ్వింది. "రేపు రండి. రేపు సరిగ్గా వేస్తా."

తరవాత శిష్యుడి వైపు తిరిగింది.

"చిన్న స్వామీ, మీ శిబిరంలో ఉప్పు కూడా ఇస్తారా?"

"ఇస్తాం అమ్మా," అన్నాడు.

"అయితే పొద్దున్నే వస్తా," అంటూ లీసోహామి కుండ ఒళ్ళోకి లాక్కుని, తన ముద్ద తాను కలుపుకుంది.