ఒకటి కలపాలా, వద్దా?

ఒక రేవు పట్నంలోని యూదుల పేటలో ఎలియాజరు అనే పండితుడు ఉండేవాడు. హెబ్రీలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంది కదా, ఆయన ఏ మాటనైనా గబగబా కూడేసి, అంతే మొత్తం వచ్చే ఇంకో మాటతో దానికి చుట్టరికం కలిపేవాడు. పేటంతా నోరు తెరుచుకుని వినేది.

కూతురి పెళ్లినాడు ఆయనింట్లో వెండి గిన్నె పోయింది. మగపెళ్లివారి ఎదుటే పండితుడు అబీగయీలును నిలబెట్టాడు. పెరట్లో బట్టలుతుకుతూ పదేళ్లుగా ఆయన పాఠాలు వింటున్న మనిషి ఆమె.

"హెబ్రీలో దొంగ అనే మాటకి యాభై అయిదు. నీ పేరుకి యాభై ఆరు. దొరికావే! పొద్దుగూకేలోగా ఊరు విడిచి పో."

"ఒకటి తేడా ఉంది కదయ్యా?"

"మాటకి ఒకటి కలుపుకోవచ్చు. అది పెద్దల పద్ధతి. నీకేం తెలుసు?"

"నిజమే, నాకేం తెలుసు! మరి పెళ్లికూతురు అనే మాటకి ఎంతయ్యా?"

పండితుడు అలవాటుగా వేళ్లు మడిచాడు. "యాభై అయిదు. ఒకటి కలిపితే..."

అక్కడే ఆగిపోయాడు. మగపెళ్లివారంతా, బట్టల పెట్టె మీద కూర్చున్న పెళ్లికూతురి వైపు తిరిగారు.

"కలపకూడదు!" అని అరిచాడు పండితుడు. "ఒకటి కలపడం శుద్ధ తప్పు!"

"అయితే నాది యాభై ఆరే. నేను దొంగని కాను" అంది అబీగయీలు, తడి చేతులు తుడుచుకుంటూ. "దొంగకీ పెళ్లికూతురికీ మాత్రం ఇప్పుడు రవ్వంత తేడా లేదయ్యా."

వియ్యపురాలు నవ్వేసింది. "సరదాకే లేమ్మా, ఆ పెట్టె ఒకసారి తెరువు."

పెళ్లికూతురు లేవలేదు.