పన్నెండు కాగితాలు

కెజియాకు రోగులంటే విసుగు లేదు. రాతంటేనే విసుగు.

పన్నెండు మంచాలకు ఆమె ఒక్కతే నర్సు. ఇంజెక్షన్లు, సెలైన్లు, కట్లు, ఇదంతా ఒక ఎత్తు. చేసిన ప్రతి పనీ కేస్ షీట్లో రాసి, అదే మళ్లీ కంప్యూటర్లో ఎక్కించడం మరో ఎత్తు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగేముందు, నడుం పడిపోయి ఉండగా, పన్నెండుమందివీ ఒక్క ఊపులో ముగించేది. కంప్యూటర్లో నిన్నటి మాటల్నే ఇవాళ్టికి తెచ్చిపెట్టే మీట ఒకటుంది. కాగితానికి ఆ సదుపాయం లేదుగానీ, ఆమె చెయ్యే ఆ విద్య నేర్చేసుకుంది.

ఆమెకు పని నేర్పింది సిస్టర్ శౌరీలమ్మ. మఠకన్య. ఆ మిషన్ ఆసుపత్రిలో నలభై ఏళ్లుగా నర్సు, ఇప్పుడు వార్డులన్నిటికీ పెద్ద. మోకాళ్లు అరిగిపోయాయి. మాట్లాడ్డం కూడా మోకాళ్లతో చేసే పనేమో అన్నంత పొదుపుగా మాట్లాడేది.

ఆ రోజు కెజియా అడిగేసింది.

"ఇదంతా ఎవరు చదువుతారు సిస్టర్ గారూ? తనిఖీకి వచ్చినవాళ్లు కూడా ఖాళీలున్నాయా లేవా అనే చూస్తారు. పోయిన నెల నా షీట్లలో ఒక్క ఖాళీ కూడా లేదన్నారు."

చివరి మాటలో కాస్త గర్వం ఉంది. అంత అలిసిపోయిన మనిషికి ఆ మాత్రం గర్వం ఉంటే తప్పు పట్టలేం.

శౌరీలమ్మ, కెజియా అప్పుడే రాసి ముగించిన పన్నెండు కాగితాలు ముందుకు లాక్కుంది. ట్రేలోంచి ప్లాస్టర్ చుట్ట తీసి, ముక్కలు కత్తిరించి, ప్రతి కాగితం మీదా పేరూ మంచం నంబరూ కనపడకుండా అంటించింది. అన్నీ కలిపేసి కెజియాకిచ్చింది.

"ఎవరిది వాళ్ల మంచం మీద పెట్టిరా."

తన రాతే కదా అని కెజియా నవ్వుకుంటూ లేచింది.

మొదటి కాగితం చూసింది. 'రోగి బాగున్నారు. ఆహారం తీసుకున్నారు. నిద్ర పట్టింది. ఊపిరి నిమిషానికి ఇరవై.'

రెండోది చూసింది. మూడోది చూసింది. అన్నీ చూసింది. ఆ వార్డులో ముక్కున్న ప్రతివాడికీ ఊపిరి ఇరవయ్యే.

వార్డు మధ్యలో కాగితాలు పట్టుకుని నిలబడిపోయింది. తలెత్తి మంచాలవైపు చూసింది. ఎన్నాళ్ల తర్వాత అలా చూసిందో ఆమెకే తెలియదు.

ఏడో మంచం మీద పున్నయ్య, జీవితమంతా మిరప యార్డులో మూటలు మోసినవాడు, మోకాళ్ల మీద మోచేతులు ఆన్చి వంగి కూర్చున్నాడు. భుజాలు లేచి పడుతున్నాయి. మంచం కింద కంచంలో అన్నం అన్నంలాగే ఉంది. ఆ సాయంత్రం అతన్ని ఇంటికి పంపాలని డాక్టరు ఉదయమే నిన్నటి షీటు చూసి రాశారు.

"ఎప్పటినించి ఇట్లా?"

"తెల్లారినకాణ్ణించి పడుకోలేకపోతన్నాడు సిస్టరమ్మా," అంది భార్య. "అన్నం ముట్టలా."

"మరి నాకు చెప్పలేదేం?"

"రెండుసార్లు వచ్చానమ్మా. మీరు రాసుకుంటన్నారు. అడ్డం రాగూడదని తిరిగొచ్చా."

కెజియా మంచం పక్కన కూర్చుంది. గడియారం చూస్తూ ఆ ముసలి ఛాతీని నిండా ఒక నిమిషం లెక్కపెట్టింది. చదువుకునే రోజుల తర్వాత అలా నిమిషమంతా లెక్కపెట్టడం అదే మొదటిసారి.

ముప్పై ఆరు.

ఆక్సిజన్ పెట్టింది. డాక్టరు పరుగున వచ్చారు. ఇంటికి పంపడం ఆగిపోయింది. 

తిరిగి బల్ల దగ్గరికి వచ్చేసరికి మూడు దాటింది. డ్యూటీ ముగిసి గంటయింది. కెజియాకు ఏడుపొచ్చింది. అందులో సిగ్గెంతో అలసటెంతో ఆమెకే తెలియలేదు.

పున్నయ్య కాగితం ఏదో చూద్దామని ఒకదాని మీది ప్లాస్టర్‌ను గోటితో గీకబోయింది. శౌరీలమ్మ ఆ కాగితాలన్నీ మెల్లగా పక్కకు జరిపింది. సొరుగులోంచి కొత్త షీటు తీసింది. పేరు రాయాల్సిన చోట ఇంకో ప్లాస్టర్ ముక్క అంటించి, ముందుకు తోసింది.

"ఇప్పుడు రాయి."