నలభై సెకన్లు

ఏకాంబరం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అడిగినవాళ్ళకే ఏదో ఒక పని అప్పగించేవారు. ఆ పని అయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి విసుగు పుట్టేది. విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్ళుగా కౌన్సెలింగ్ పాఠం చెబుతున్న పెద్దమనిషి కనుక, విసుగు పుట్టినవాళ్ళు కూడా ఆ సంగతి క్యాంటీన్లో చెప్పుకునేవారే తప్ప ఆయన ముందు అనేవారు కాదు.

ప్రసూన ఆ క్లాసులో అందరికంటే బాగా చదివే పిల్ల. ఒకరోజు ఆమె మాస్టారి గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి అడిగింది. "సార్, నేను అన్నీ మీరు నేర్పినట్టే చేశాను. నా తప్పెక్కడుంది?"

ఆ ప్రశ్న వెనక సంగతి ముందు చెప్పాలి. ఆ శాఖలో ఒక అభ్యాసం ఉంది. మాస్టారి బల్ల మీద పాత బిస్కెట్ల డబ్బా, దాని నిండా మడిచిన చీటీలు ఉంటాయి. ఒక్కో చీటీలో ఒక్కో కష్టం రాసి ఉంటుంది. తాగొచ్చి కొట్టే భర్త, తప్పిన పరీక్ష, పట్టని నిద్ర, ఇలాంటివి. ఇద్దరిలో ఒకరు చీటీ తీసి, ఆ కష్టం తనదే అన్నట్టు చెప్పుకోవాలి. రెండోవారు కౌన్సెలర్‌గా కూర్చుని వినాలి. చీటీలో ఏముందో వినేవారు చూడకూడదు. మిగతా క్లాసంతా చుట్టూ కూర్చుని గమనిస్తుంది. మాటలన్నీ ఫోన్లో రికార్డు చేసి, తర్వాత ఒక్క ముక్క పోకుండా కాగితం మీదికి ఎక్కించాలి. దగ్గితే దగ్గినట్టు రాయాలి, ఊరుకుంటే ఎన్ని సెకన్లు ఊరుకున్నారో రాయాలి. చివరి పేజీకి ఆ చీటీని మడత విప్పకుండానే గుండుసూదితో గుచ్చాలి. అరువు కష్టాల మీద చెయ్యి తిరిగాక గానీ పిల్లల్ని అసలు కష్టాల జోలికి పంపకూడదని నియమం. మంచి నియమమే, దానితో నాకేమీ పేచీ లేదు.

ప్రసూనకు జోడీగా ఓబులేసు పడ్డాడు. నాపరాళ్ళ గనులున్న ఊరి నుంచి వచ్చినవాడు, బొత్తిగా మాటకారి కాడు. ఆ రోజు మాత్రం చీటీ విప్పి చూసుకుని, మడిచి ఆమె చేతికిచ్చి, నోరు విప్పాడు. తమ్ముడు మద్దిలేటి గురించి చెప్పాడు. పాడుబడిన గనిగుంతలో వాననీళ్ళు నిలిస్తే తమ్ముడు ఈతకు దిగాడట, తాను గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడట. తల ఎత్తేసరికి నీళ్ళ మీద ఎవరూ లేరు. ప్రసూన ఎక్కడా తొట్రుపడలేదు. సలహాలు ఇవ్వలేదు, మధ్యలో అడ్డుపడలేదు. అడగాల్సిన ప్రశ్న అడగాల్సిన చోటే అడిగింది. "చనిపోవాలన్న ఆలోచన మీకు వస్తోందా?" ఓబులేసు చాలాసేపు ఊరుకుని, "వస్తా ఉంది" అన్నాడు. నమ్మి చెప్పినందుకు ఆమె థాంక్స్ చెప్పింది. అతను ఇంకో మాట అన్నాడు, దానికి ఆమె జవాబు చెప్పేసరికి బెల్లయింది. క్లాసు చప్పట్లు కొట్టింది. "ఏం యాక్షన్ రా నాయనా, సినిమాల్లోకి పోరాదూ!" అని ఎవరో అతని వీపు చరిచారు. ఓబులేసు కూడా నవ్వాడు. ప్రసూనకు ఇరవైకి పంతొమ్మిది మార్కులు వచ్చాయి.

మర్నాటి నుంచి అతను క్లాసుకు రాలేదు. ఇంటికి పోయాడనుకున్నారు హాస్టల్లో. హాస్టల్లోనే ఉన్నాడనుకుంది ఇంటి దగ్గర తల్లి. పదిరోజులైనా ఫోన్ కలవకపోయేసరికి ఆమె బస్సెక్కి వచ్చింది. వార్డెన్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. అప్పుడు గానీ ఓబులేసుకు నిజంగానే తమ్ముడుండేవాడని, పోయిన వానాకాలంలోనే చనిపోయాడని క్లాసులో ఒక్కరికీ తెలియలేదు. ప్రసూన పరుగున వచ్చి, మాస్టారి బీరువాలో ఉన్న తన ఫైలు తీసి, చివరి పేజీ చీటీ విప్పి చూసింది. "హాస్టల్ భోజనం పడటం లేదు" అని ఉంది అందులో. భయం ఒకవైపు, సిగ్గు ఒకవైపు. ఆ రెండింటి అడుగున, నీ తప్పేం లేదమ్మా అని మాస్టారు అంటే బాగుండునన్న ఆశ కూడా ఉంది. అడిగింది అందుకే.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ పూట తుడవడం ఎంతకీ పూర్తికాలేదు.

"బయట వరండాలో అతని తల్లి కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు. నువ్వు రాసింది మొదటి నుంచీ చదివి వినిపించు."

"రహస్యం కదా సార్. బయటపెట్టకూడదని..."

"నలభైమంది ముందు చెప్పించి, దానికి మార్కులు కూడా వేశాం. ఇంకా రహస్యమేమిటమ్మా? వెళ్ళు."

సాలమ్మ బెంచీ మీద, కొడుకు రేకుపెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంది. రాళ్ళు కోసే మిషన్ల మధ్య ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. సరిగా వినబడదని, గట్టిగా చదవమని చెవి దగ్గర చెయ్యి ఆనించి చూపింది. ప్రసూన గట్టిగా చదవక తప్పలేదు. వరండాలో పోయేవాళ్ళు ఆగి చూసి పోతున్నారు. మాస్టారు గది తలుపు దగ్గర నిలబడి వింటున్నారు. ఓబులేసు మాటలు చదివేటప్పుడు గొంతు ఎలాగో నిలిచింది. తన మాటలు వచ్చేసరికి నిలవలేదు. 'మీ బాధ నాకు అర్థమవుతోంది' అన్నది ఆ తల్లి మొహం చూస్తూ చదవవలసి వచ్చినప్పుడు, ఎవరో తిట్టిన తిట్టును పైకి చదువుతున్నట్టు అనిపించింది ఆమెకు.

ప్రశ్న దాకా చదివి ఆగింది. సాలమ్మ కాగితంలోకి వంగింది.

"ఏమన్న్యాడు?"

"ఏం అనలేదమ్మా. నలభై సెకన్లు ఊరుకున్నాడు. ఇక్కడ రాశాను చూడు."

"అంతసేపు మాట్లాడలేదా వాడు?"

"లేదమ్మా."

"అప్పుడు నువ్వేం జేస్తాంటివి పాపా?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామనే అడిగింది. అబద్ధం చెప్పడానికి ప్రసూనకు నోరు రాలేదు.

"లెక్కపెడుతున్నానమ్మా."

సాలమ్మకు వినబడిందో లేదో తెలియదు. వేలుతో పేజీ అంచున ఉన్న ఎర్ర సిరాను చూపింది. "ఈ ఎర్ర రాతేంది?"

"మార్కులమ్మా. సార్ వేసినవి."

"మా వానికా?"

"కాదు. నాకు."

సాలమ్మ తల ఊపింది, తర్వాతది చదవమంది. ఇంకెంతో లేదు. 'వస్తా ఉంది' అన్న మాటను ప్రసూన చదివింది గానీ గట్టిగా చదవలేకపోయింది. సాలమ్మ మళ్ళీ చదవమనలేదు. ప్రసూన పెదవుల వంకే చూస్తోంది. బెల్లు కొట్టే ముందు ఓబులేసు అన్న ఆఖరి మాట ఇది: "మద్దిలేటికి సముద్రం చూపిస్తానంటి. వాన్ని ఒకసారి తీసకపోవాల." దాని కింద ప్రసూన జవాబు, తమ్ముడి కోరిక తీర్చలేకపోయానన్న బాధ మీలో ఉంది అని. అది చదవడం ఆమె వల్ల కాలేదు. చదవాల్సిన పని కూడా లేకపోయింది. సాలమ్మ అప్పటికే లేచి నిలబడింది.

"తీసకపోవాల అన్న్యాడా? అట్లనే అన్న్యాడా?"

"అట్లాగే అన్నాడమ్మా."

"పెట్టెలో చిన్నోని నీలం చొక్కా లేదు. పొద్దున్నుంచి ఎతుకుతాండా, యాడ బోయిందా అని." ఆమె పెట్టె నెత్తిన పెట్టుకుంది. "మా తమ్ముడు లారీలో రాళ్ళేసకపోయి దించే ఊర్లో ఉంది సముద్రం. ఇద్దరు పిల్లోల్లకీ దాని కతలే చెప్పేటోడు. ఆడికే పోయింటాడు."

క్లాసంతా కూర్చుని విన్నమాట, ప్రసూన పదిసార్లు రికార్డు తిప్పి తిప్పి రాసిన మాట, మాస్టారు మార్కులు వేసిన మాట. చెవులు సరిగా వినిపించని మనిషి ఒక్కసారి విని అందుకుంది. మాస్టారు ఆమెతో బస్టాండు దాకా నడిచారు. దారిలోనే పోలీసులకు ఫోన్ చేసి ఆ ఊరి పేరు చెప్పారు. తిరిగి వచ్చాక ఆ రోజు క్లాసు తీసుకోలేదు.

నాలుగోరోజున సాలమ్మ తమ్ముడి ఫోన్ నుంచి కబురు వచ్చింది. ఓబులేసు ఆ ఊరికి వెళ్ళిన మాట నిజమే. వారం రోజులు ఒడ్డునే ఉన్నాడట. టీకొట్టామె ఆనవాలు చెప్పిందట. వలలు లాగేవాళ్ళకు సాయం పట్టి, మిగతా పొద్దంతా ఒళ్ళో నీలం చొక్కా పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చునేవాడట. ఎవరి కోసం బాబూ అని ఆమె అడిగితే, తమ్ముడికి చూపిస్తున్నా అన్నాడట. తల్లి చేరడానికి మూడురోజుల ముందు అక్కడి నుంచి లేచిపోయాడు. ఎటు పోయాడో చూసినవాళ్ళు లేరు. సాలమ్మ ఆ ఒడ్డునే ఉండిపోయింది, మళ్ళీ వస్తాడేమోనని.

మూడురోజులు. ఆ మూడురోజులూ ఫైలు మాస్టారి బీరువాలోనే ఉంది.

సాయంత్రం ప్రసూన ఆయన గదికి వెళ్ళింది. తప్పెక్కడ అని ఈసారి అడగలేదు. ఫైలు ఆయన ముందు విప్పి పెట్టింది. నలభై సెకన్లు అని రాసినచోట, పక్కనే ఆయన ఎర్ర సిరాతో రాసిన మాటలున్నాయి. 'మౌనాన్ని చక్కగా పాటించింది. అతని నటన సహజం. జవాబు వచ్చాక ఇంకో ఐదు సెకన్లు ఆగవచ్చు.' తగ్గించిన ఆ ఒక్క మార్కు అందుకే.

"ఇక్కడ ఏం దిద్దమంటారు సార్?"

మాస్టారు కళ్ళజోడు తీశారు. తుడవలేదు, మళ్ళీ పెట్టుకోనూ లేదు. తన ఎర్ర రాత మీద తానే అడ్డంగా ఒక గీత గీసి, పెన్ను ఆమె చేతికిచ్చారు.

"ఆ సెకన్లు కొట్టేసి, అక్కడ 'అప్పుడు నువ్వేం జేస్తాంటివి' అని ఆ తల్లి నిన్ను అడిగిన మాట రాయి. రాశాక ఇటివ్వు, కింద నేను కూడా సంతకం పెట్టాలి."