ఊగిన తల ఎవరిది?

చిత్రకోన అనే చిన్న రాజ్యం ఒకటి ఉండేదట. దానికి ఉద్దండభూపతి రాజు. మనిషి మంచివాడే గాని, ఎవరైనా పొగిడితే ఉబ్బితబ్బిబ్బయ్యేవాడు. ఆ సంగతి ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రికి బాగా తెలుసు.

"ప్రభూ, మామూలు మనుషుల్లో శరీరానిది ఒక దారి, మనసుది ఒక దారి. తమవంటి ఉత్తములకు అలా కాదు. మనసు సెలవివ్వనిదే తమ కనురెప్ప కూడా వాలదు" అన్నాడు శాస్త్రి ఒకనాడు.

రాజుకు ఆ మాట తెగ నచ్చింది. కనబడిన వాళ్ళందరికీ అది తన మాటగా చెప్పుకుంటూ తిరిగాడు.

ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. విన్నపం చదివాక రాజు తల ఊపితే అది ఆజ్ఞ. రాయసగాడు వెంటనే రాసి ముద్ర వేసేస్తాడు. చిక్కల్లా, కొలువు భోజనాల తర్వాత తీరేది. వంటవాడు పేరయ్య గుత్తివంకాయ కూర వండిన రోజైతే రాజు సింహాసనం మీదే కునుకు తీసేవాడు.

ఈ పేరయ్య అంటే శాస్త్రికి ఒళ్ళుమంట. "రుచి నాలుకలో లేదోయ్, మనసులో ఉంది" అని శాస్త్రి విస్తరి ముందు ఉపన్యసిస్తే, మర్నాడు పేరయ్య ఆయనకు ఉప్పు లేని పులుసు వడ్డించాడు. పైగా, "ఉప్పు తమ మనసులో ఉంటుంది కదండీ" అన్నాడు.

ఒక మధ్యాహ్నం రాజు కునుకుతుండగా శాస్త్రి లేచి, "పేరయ్యను రాజ్యం నుంచి వెళ్ళగొట్టమని సెలవా, ప్రభూ?" అన్నాడు. రాజు తల ముందుకు వాలింది. రాయసగాడు ఆజ్ఞ రాస్తున్న ఘంటం చప్పుడుకు రాజు ఉలిక్కిపడి లేచి, సంగతి విని గతుక్కుమన్నాడు. నిద్రపోయానని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ సభంతా తనవైపే చూస్తోంది.

"బాగా ఆలోచించే ఊపాను" అన్నాడు.

పేరయ్య కళ్ళు తుడుచుకుంటూ, పెళ్ళాం బిడ్డలతో మూటలు కట్టుకోసాగాడు. వంటశాలలో శాస్త్రిగారి మేనల్లుడు చేరాడు. అతను వండిన ముద్దన్నం, నీళ్ళచారు రాజు మింగలేక మింగాడు. తప్పు తనదేనని ఆయనకు తెలుసు, పేరయ్యను తలచుకుంటే సిగ్గేసింది కూడా. కానీ ఒప్పుకుంటే ఇక ఉత్తముడెలా అవుతాడు?

మర్నాడు కొలువులో, కడుపు నిండకపోయినా, వేళకు నిద్ర మాత్రం వచ్చింది. మూతి మీద ఏదో చల్లగా తగిలితే రాజు కళ్ళు తెరిచాడు. ఎదుట మంగలి, అతని చేతిలో కత్తి. పక్కన విదూషకుడు బొల్లన వినయంగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమిటయ్యా ఇది?"

"తమ ఆజ్ఞే, ప్రభూ. తమ మీసాలు తీయించమంటారా అని అడిగాను. తల ఊపారు. నా కళ్ళను నేనే నమ్మలేక మళ్ళీ అడిగాను. ఈసారి గడ్డం రొమ్ముకు తగిలేలా ఊపారు. రాయసగాడు రాసేశాడు కూడా."

"నేను నిద్రపోతున్నానయ్యా! నిద్రలో తల ఊగితే నేను ఊపినట్టా?"



"మరి నిన్న పేరయ్య విషయంలో ఊగిన తల ఎవరిది, ప్రభూ?" అన్నాడు బొల్లన.

రాజు శాస్త్రివైపు చూశాడు. శాస్త్రి గొంతు సవరించుకుని, "నిన్న ఊపింది మనసు. నేడు ఊగింది ఒట్టి శరీరం" అన్నాడు.

"నాకైతే రెండుసార్లూ ఒక్కలాగే కనబడింది. ఏది మనసు ఊపిందో, ఏది మెడ వాలిందో బయటినుంచి తమరికెలా తెలిసింది, శాస్త్రిగారూ?" అని అడిగాడు బొల్లన.

శాస్త్రి ఉత్తరీయం సర్దుకుంటూ రాయసగాడి వెనక్కి జరిగాడు.

"లోపల ఎవరైనా మెలకువగా ఉన్నారో లేదో ఒక్క ప్రభువులవారికే తెలుసు" అన్నాడు బొల్లన. "సెలవివ్వండి. నిన్న తమరు ఉన్నారా? నిన్న ఉంటే ఇవాళా ఉన్నట్టే. కత్తి సిద్ధంగా ఉంది."

రాజు చెయ్యి మీసం మీదికి పోయింది. ముందు ఉడుక్కున్నాడు. తన తడిమూతిని, గజగజ వణుకుతున్న మంగలిని చూసుకునేసరికి నవ్వు ఆగింది కాదు.

"నిన్న లేనయ్యా. మొన్నా లేను. భోజనమయ్యాక నేనెన్నడూ లేను" అన్నాడు పకపక నవ్వుతూ.

అప్పటికప్పుడు పేరయ్యను పిలిపించి, అందరి ముందూ తప్పు తనదని ఒప్పుకున్నాడు. మేనల్లుణ్ణి ఇంటికి పంపేశాడు. చేతి కంకణం తీసి బొల్లనకు తొడిగి, "ఇకమీదట నా తల ఊగితే ఆజ్ఞ కాదు. నోరు విప్పి చెబితేనే ఆజ్ఞ" అని చాటించాడు.

బొల్లన కదల్లేదు.

"ఇంకేమిటయ్యా?"

"ఏం లేదు ప్రభూ, చిన్న అనుమానం. తమరికి నిద్రలో పలవరించే అలవాటేమైనా ఉందా?"

"అది రాణిగారినే అడగాలి" అన్నాడు రాజు. కడుపు పట్టుకుని నవ్వుతూనే రెండో కంకణం కూడా తీసి అతని చేతిలో పెట్టాడు.