పాచి పట్టిన పుల్లలు

ఏది అడిగినా సోమసుందరం మాస్టారు నోటితో జవాబు చెప్పరు. చెప్పులు వేసుకుని బయలుదేరతారు. డిగ్రీలో తనకు వృక్షశాస్త్రం చెప్పిన ఆ మనిషిని వీరవేణి అడిగింది చిన్న ప్రశ్నే. ఆమెకు పీజీలో రెండు సీట్లు వచ్చాయి. ఒకటి నగరంలో పర్యావరణ నిర్వహణ, చదువయ్యాక ఆఫీసు కుర్చీ. రెండోది మడ అడవుల పరిరక్షణ, చదువూ ఉద్యోగమూ అన్నీ బురదలోనే. సోమవారంలోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి.

"దేంట్లో చేరమంటారు మాస్టారూ?"

పక్కనున్న తండ్రి పోలయ్య ఊరుకోలేదు. ముప్పై ఏళ్లుగా ఆ బురదలో పీతలు పట్టి కూతుర్ని చదివించినవాడు.

"సదువుకున్నాక పైకి రావాలండి. మళ్లీ బురదలోకి దిగడమేటండి?"

ఆ మాటలో కోపం కన్నా భయమే ఎక్కువ.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. కిందటేడు పాయ ఒడ్డున నాటిన మడ మొక్కల తనిఖీకి ఆ రోజే ఒక అధికారి వచ్చాడు. పడవ పోలయ్యదే. అందరూ అందులోనే ఎక్కారు.

అధికారి ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుని, దూరాన పచ్చగా కనిపించిన వరసల్ని చూసి, "అన్నీ బతికాయి" అని రాసుకున్నాడు.

"బతకలేదండి బాబూ. ఆ పచ్చదనం పుల్లలకి పట్టిన పాచండి," అన్నాడు పోలయ్య గెడకర్రతో పడవ నెడుతూ.

"నువ్వేం చదివావోయ్?"

పోలయ్య తల దించుకున్నాడు. అది చూసి వీరవేణికి ఒళ్లు మండింది. పడవ ఆ వరసల దగ్గరికి రాగానే చెప్పులు విడిచి, మోకాలి లోతు బురదలోకి దూకి, ఒక పుల్లను పెరికింది. వేరు కుళ్లిపోయి ఉంది. ఇంకొకటి పెరికింది, మరొకటి పెరికింది. గుప్పెడు పుల్లలు తెచ్చి అధికారి కాగితాల మీద పడేసింది.

"నేను బాటనీ చదివానండి. అన్నీ బతికాయన్న మాట కొట్టెయ్యండి."

"సంతకం పెట్టేవాణ్ణి నేను. నువ్వెవరు?"

పోలయ్య గెడ బురదలో దిగ్గొట్టి, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"నా కూతురండి. ఆ మాట కొట్టేదాకా పడవ కదల్దండి."

అధికారి నాలుగు వైపులా చూశాడు. దిగితే బురద. పెన్ను తీసి ఆ మాట కొట్టేశాడు.

రేవుకు చేరాక ఆయన వెనక్కి చూడకుండా జీపెక్కాడు. పోలయ్య డబ్బాతో నీళ్లు తోడి కూతురి కాళ్ల మీద పోశాడు.

"నేను దిగుతాను నాన్నా. ఎవరు కాదన్నా సరే," అంది వీరవేణి.

"నువ్వు పైకి రావాలనే కదమ్మా నా బాధ," అన్నాడు పోలయ్య.

మాస్టారు జీపు వెళ్లిన వైపు చూశారు.

"ఆయన కూడా చదువుకుని పైకొచ్చినవాడే పోలయ్యా."